నాలుగు దాటని లెక్క

ఆ రోజుల్లో మా గురజాలలో ఆడపిల్ల చేతిలో కర్ర కనబడిందంటే మిరప కల్లంలో కోళ్ళను తోలడానికో, డాబా మీద వడియాల జోలికొచ్చే కాకిని అదిలించడానికో అయివుండాలి. రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని, చుట్టూ డ్రమ్ములు పెట్టుకుని, ఎదురుగా కాయితం నిలబెట్టుకుని కూర్చున్న ఆడపిల్లను మా బజారు అంతకుముందు చూసి ఎరగదు. (ఆ రోజుల్లో అంటే మరీ రాజుల కాలం కాదు. ఇంటికో స్మార్ట్ ఫోను వచ్చేసింది. సిగ్నలు మాత్రం డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకుకి ఆనుకుని నిలబడితేనే వచ్చేది.) అలాంటి చోట నేను డ్రమ్ములు నేర్చుకున్నాను. అదీ చెవితో విని కాదు, కాయితం చదివి. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల ధైర్యానికి నాకు నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది.

మా చర్చిలో ఒక డ్రమ్ముల సెట్టు ఉండేది. దాన్ని వాయించేది పాత పాస్టరు అయ్యగారి కొడుకు. అయ్యగారికి బదిలీ అయ్యేసరికి ఆయనతో పాటు కొడుకూ వెళ్ళిపోయాడు, సెట్టు మాత్రం మిగిలింది. దాని మీద ఎవరో పాత కర్టెను కప్పారు. కొత్తగా వచ్చిన అయ్యగారి భార్యను అందరిలాగే మేమూ అమ్మగారు అనేవాళ్ళం. ఆవిడది గోదావరి వైపు. కీబోర్డు చక్కగా వాయించేది, పెళ్ళికి ముందు ఎక్కడో పద్ధతిగా సంగీతం నేర్చుకుందట. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కర్టెను తీసి దులిపి, "ఇవి ఎవరు నేర్చుకుంటారమ్మా?" అని అడిగింది. నేను చెయ్యెత్తాను. సంగీతం మీద ప్రేమతో అనుకునేరు! అది మే నెల. ఆడవాళ్ళ వైపు ఫ్యాను అప్పటికి రెండు వారాలుగా అలిగి కూర్చుంది. డ్రమ్ముల నెత్తి మీదున్న ఫ్యాను మాత్రం గిర్రున తిరుగుతోంది. పల్నాడు ఎండలో ఒక్క మధ్యాహ్నం గడిపిన వాళ్ళెవరూ నన్ను తప్పుపట్టరు.

అమ్మగారిది ఒకటే షరతు. కాయితం చదవడం రాకుండా కర్ర ముట్టుకోకూడదు. "విని వాయించేవాళ్ళు చాలామంది ఉన్నారమ్మాయ్, నువ్వు చూసి వాయించాలి" అని నా ముందు ఒక పేజీ పెట్టింది. ఐదు గీతలు, వాటి మీద నల్ల చుక్కలు, చుక్కలకు తోకలు. సరిగమలు ఎక్కడున్నాయని వెతికాను. డ్రమ్ముకి సరిగమలు ఉండవట, ఏ గీత దగ్గర చుక్క ఉంటే ఆ డ్రమ్ము కొట్టాలట. అడుగున ఉన్న చుక్క కాలితో తన్నే పెద్ద డ్రమ్ము, మధ్యలో ఉన్నది మోకాళ్ళ మధ్య ఉండే చిన్న డ్రమ్ము. ఇంతవరకూ చెప్పేసరికి పక్కనే వాళ్ళింట్లో కుక్కరు కూత పెట్టింది. "మిగతాది చూసుకుంటూ వాయిస్తూ ఉండు, వస్తాను" అని ఆవిడ పప్పు దించడానికి పరిగెత్తింది. మిగతాది చూశాను. పై గీత మీద వరసగా ఇంటూ మార్కులు! ఒకటో తరగతి నుంచి బీఎస్సీ రెండో సంవత్సరం దాకా ఇంటూ మార్కు పెడితే ఏమిటో నాకు బాగా తెలుసు (ఆ విషయంలో నా అనుభవం తక్కువేమీ కాదు). నాకంటే ముందు ఎవరో నేర్చుకుంటూ రాసినవాటిని అమ్మగారు దిద్ది, ఇవన్నీ తప్పులని కొట్టేసిందని అర్థం చేసుకున్నాను. తప్పుల జోలికి మనకెందుకని వాటిని మర్యాదగా వదిలేసి, మిగిలిన చుక్కలు ధం, టప్, ధం, టప్ అని వాయిస్తూ కూర్చున్నాను.

అమ్మగారు గరిటెతోనే తిరిగొచ్చి విన్నది. "పళ్ళేలు ఏవమ్మాయ్?" అంది. నాకు అర్థం కాక, "అన్నం ఇప్పుడే వద్దండీ, ఇంటికెళ్ళి తింటాను" అన్నాను. ఆవిడ గరిటె కొనతో నా ఎడమ పక్కన ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్న ఇత్తడి పళ్ళేలు చూపించి, ఆ ఇంటూలన్నీ వాటివే అని చెప్పింది. "నేనింకా దిద్దారనుకున్నానండీ" అని గొణిగాను. అయ్యగారి భార్య అంత గట్టిగా నవ్వవచ్చునని ఆ రోజే తెలిసింది.

చర్చిలో నేర్చుకోవడం వారానికి మూడు సాయంత్రాలే. మిగతా సాధన ఇంట్లో. బియ్యం డబ్బా మూత చిన్న డ్రమ్ము అయింది, అమ్మ ట్రంకు పెట్టె కాలితో తన్నే పెద్ద డ్రమ్ము అయింది, గోడకు కట్టిన రెండు సత్తు పళ్ళేలు ఇంటూ మార్కులు అయ్యాయి. నోటితో లెక్కపెడుతూ వాయించమంది అమ్మగారు. ఒన్, టూ, త్రీ, ఫోర్, మళ్ళీ ఒన్. మా నాయనమ్మ రోటి ముందు కూర్చుని చింతకాయ దంచుకుంటూ రెండు రోజులు ఓపిక పట్టింది. మూడో రోజు రోకలి పక్కన పెట్టి, "ఏమే, ఏంది నీ చదువు? నాలుగు దాటి ఐదు రావట్లా? లెక్కల డిగ్రీ అని నరసరావుపేట పంపిస్తే ఉన్న అంకెలు కూడా పోగొట్టుకొచ్చావా?" అంది. నాలుగు దాటి లెక్కపెట్టకూడదని, నాలుగయ్యాక మళ్ళీ ఒకటేనని చెప్పాను. ఆవిడ నా వైపు జాలిగా చూసి, చర్చిలో నా కోసం ప్రార్థన చేయించింది.

అన్నిటికంటే కష్టమైనవి ఊరుకునే గుర్తులు. అడ్డదిడ్డంగా రాసిన ఏడు అంకెలా ఉంటుంది ఒకటి. అక్కడ చెయ్యి ఆపాలి. "ఊరుకోవడం కూడా వాయించడమేనమ్మాయ్" అనేది అమ్మగారు. ఈ మాట మా నాన్నకు చెప్పాను. నాన్న పిడుగురాళ్ళ నుంచి సున్నం లోడు తోలే లారీ డ్రైవరు. ఇంటికొచ్చిన రోజున లుంగీ కట్టుకుని నా ట్రంకు పెట్టె ఎదురుగా కూర్చుని వినేవాడు. "ఊరుకోటం మన ఇంటా వంటా యాడుందమ్మా? నీకొస్తే నాకూ నేర్పు" అని నవ్వేవాడు. నిజంగానే నాకు వచ్చేది కాదు. పేజీ అయిపోయినా చేతులు ఆగేవి కావు, ఉత్సాహం పట్టలేక నాలుగు దెబ్బలు ఎక్కువే వేసేదాన్ని. అమ్మగారు విసిగిపోయి పేజీ చివర ఉండే రెండు నిలువు గీతల మీద వేలు పెట్టి చెప్పింది. "ఈ గీతలు వచ్చాయంటే అయిపోయినట్టు. ఆ తర్వాత ఒక్క దెబ్బ పడిందంటే నిన్ను మళ్ళీ ఈ స్టూలు మీద కూర్చోనివ్వను." ఫ్యాను కింద చోటు పోతుందన్న భయంతో ఆ మాట నాకు బాగా ఎక్కింది.

అంతలో మా అక్క పెళ్ళి కుదిరింది. మాచర్ల సంబంధం. వియ్యాలవారు కాస్త ఉన్నవాళ్ళు, ఆర్భాటం ఉన్నవాళ్ళు. పెళ్ళికూతురు చర్చిలోకి నడిచొచ్చేటప్పుడు వాయించడానికి గుంటూరు నుంచి ఆర్కెస్ట్రాను పిలిపిస్తామన్నారు. మా అక్క సాధారణంగా నోరు తెరిచే మనిషి కాదు. ఆ రోజు మాత్రం కాబోయే అత్తగారి ముందే, "మాకెందుకండీ ఆర్కెస్ట్రా? మా చెల్లి వాయించిద్ది, కాయితం చూసి వాయించిద్ది" అనేసింది. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి "సరేనమ్మా, చూద్దాం" అంది. ఆ 'చూద్దాం' విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. నా సంగతి ఎలా ఉన్నా, నేను తప్పితే మాట పడేది అక్క. కాపురానికి వెళ్ళకముందే అత్తారింట్లో దానికి ఎగతాళి మొదలవుతుంది.

అమ్మగారు ఆ నడకకు సరిపోయేలా ఒక పాటను కాయితం మీద రాసిచ్చింది. ముందు రోజు రిహార్సల్ చేశాం. నాన్న లోడు మీద వెళ్ళాడు కాబట్టి మా పిన్ని అక్క చెయ్యి పట్టుకుని గుమ్మం నుంచి నడిపించింది. వాళ్ళు బలిపీఠం దగ్గరికి రావడం, నేను చివరి పళ్ళెం ఘల్లుమనిపించడం ఒక్కసారే జరిగాయి. అమ్మగారు కళ్ళు తుడుచుకుంది. అంత బాగా కుదిరింది.

పెళ్ళిరోజు చర్చి కిటకిటలాడింది. తెల్ల పట్టుచీర, తల మీద ముసుగు, చేతిలో పూలగుత్తి. అక్క గుమ్మంలో నిలబడితే నేనే గుర్తుపట్టలేకపోయాను. పక్కన నాన్న, ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయి ఉన్నాడు. అమ్మగారు తలూపింది, నేను ఒన్, టూ, త్రీ, ఫోర్ అని మొదలుపెట్టాను. చేతులు ఒక్క చుక్క తప్పలేదు, ఒక్క ఇంటూ వదల్లేదు, ఊరుకోవలసిన చోట ఊరుకున్నాను. కాయితం మీంచి కళ్ళెత్తితే ఒట్టు. అందుకే నడకలో ఏం జరుగుతోందో నేను చూడలేదు. రెండు నిలువు గీతలు వచ్చాయి. పళ్ళెం ఘల్లుమనిపించి, చేత్తో పట్టి ఆపి, గెలిచిన మొహంతో తలెత్తాను.

పెళ్ళికూతురు సగం దారిలో ఉంది.

సంగతేమిటంటే, మా నాన్నకు చుట్టాన్ని చూసి పలకరించకుండా దాటిపోవడం పుట్టుకతో రాదు. లారీలో వెళ్తూ ఎదురు లారీవాణ్ణి కూడా ఆపి యోగక్షేమాలు అడిగే మనిషి. అలాంటి మనిషిని రెండు వైపులా చుట్టాలు కూర్చున్న దారిలో నడిపిస్తే ఏమవుతుంది? వరసవరసకీ ఆగుతున్నాడు. కూతురి చెయ్యి వదలకుండానే ఒకరి భుజం తడుతున్నాడు, ఇంకొకరి బిడ్డ బుగ్గ పుణుకుతున్నాడు. కీబోర్డు ఆగింది, పాడేవాళ్ళు ఆగారు, నేను ఆగాను. ఆ నిశ్శబ్దంలో నాన్న గొంతు చర్చి అంతా వినబడింది. "టిఫిను తిన్నావా బావా? ఉప్మా మిగల్లేదంటగా!"

మాచర్ల వైపు బెంచీల్లో కిసుక్కున నవ్వులు మొదలయ్యాయి. అక్క ముసుగులోంచి నా వైపు చూసింది. అమ్మగారి వైపు చూశాను. పాట అయిపోగానే ఎప్పటిలాగే ఆవిడ మా వైపు వీపు పెట్టి, కళ్ళు మూసుకుని, ప్రార్థనకు తల వంచేసింది. కాయితం వైపు చూశాను. రెండు నిలువు గీతల తర్వాత తెల్లగా ఖాళీ. కర్రలు చేతిలోనే ఉన్నాయి, కానీ గీతల తర్వాత ఒక్క దెబ్బ పడకూడదు కదా! కాయితం చదవడం నేర్చుకున్నాను గానీ, కాయితం అయిపోయాక ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు.

అప్పుడు ముందు వరసలోంచి మా నాయనమ్మ లేచింది. "ఏమే, అట్టా గుడ్లప్పగించి చూస్తావేందే? నీకొచ్చింది నాలుగేగా! మళ్ళా ఒకట్నించి ఎత్తుకో!" అని కేకేసి, తనే చప్పట్లు అందుకుంది. "ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ!" మా బజారు ఆడవాళ్ళంతా చప్పట్లు కలిపారు. నా కాలు దానంతటదే పెద్ద డ్రమ్మును తన్నింది. అమ్మగారు ఉలిక్కిపడి కళ్ళు తెరిచి కీబోర్డు మీద పడింది. నేను కాయితం మొదటికి పోయాను. మళ్ళీ ఘల్లుమనే లోపు నాన్న ఇంకో ఇద్దరు బావల్నీ ఒక పెద్దమ్మనీ పలకరించుకుని, అక్కను తీసుకొచ్చి పెళ్ళికొడుకు చేతికి అప్పగించాడు. అక్క నవ్వుతోంది. నవ్వుతూ ఏడుస్తోంది.

భోజనాల దగ్గర అక్క అత్తగారు నన్ను పిలిచింది. భయపడుతూ వెళ్ళాను. "ఆర్కెస్ట్రావాళ్ళయితే వాయించేసి పోయేవాళ్ళమ్మాయ్. ఇట్టా చుట్టాలందర్నీ పలకరించే దాకా వాయిస్తారా?" అని నా విస్తట్లో తనే ఇంకో లడ్డూ వేసింది. ఆ సాయంత్రం అమ్మగారు అదే కాయితం తీసి, చివరి రెండు గీతల ముందు ఒకదాని కింద ఒకటి రెండు చుక్కలు పెట్టింది. ఆ చుక్కలుంటే మళ్ళీ మొదటికి వెళ్ళాలట. "పల్నాడులో పెళ్ళికి ఇవి లేకుండా రాయకూడదని నాకేం తెలుసు?" అంది.

తర్వాత కొన్నేళ్ళకు నా పెళ్ళీ అదే చర్చిలో జరిగింది. అమ్మగారు బదిలీ మీద ఎప్పుడో వెళ్ళిపోయింది, కాయితం మాత్రం ఉంది. నేను నేర్పిన పిల్ల డ్రమ్ముల దగ్గర కూర్చుంది. గుమ్మంలో నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. నడక మొదలైంది. నాన్న ఎవరి వైపూ చూడట్లేదు. ఘాటు రోడ్డు మీద లారీ తోలుతున్నట్టు ఎదురుగా చూస్తూ నడుస్తున్నాడు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటున్నాడేమో అనుకుని, "ఏంది నాన్నా?" అన్నాను మెల్లగా.

"మాట్టాడిచ్చమాక, లెక్క తప్పిద్ది. ఒన్, టూ, త్రీ, ఫోర్" అన్నాడు నాన్న. "ఈసారి నీకు మాట రానియ్యను."

ఈ లెక్కన నడిస్తే పాట కంటే ముందే చేరిపోతాం. చేరితే ఆ చెయ్యి వదలాలి. నేను మూడో వరస దగ్గర టక్కున ఆగాను. ముసుగు కాస్త పక్కకు లాగి, "పెద్దమ్మా, టిఫిను తిన్నావా?" అని అడిగాను. చర్చి అంతా గొల్లుమంది. నాన్న నన్నొకసారి చూశాడు. ఆయన భుజాలు కిందికి దిగాయి, మొహం విచ్చుకుంది. ఇక ఆగలేదు. "నువ్వెప్పుడొచ్చావు బావా? నిన్న ఫోను ఎత్తలేదేంది?" అంటూ మొదలుపెట్టాడు.

వెనక డ్రమ్ము రెండు చుక్కల దగ్గరికి వచ్చి, హాయిగా మళ్ళీ మొదటికి పోయింది. ఇప్పుడు కాలేజీలో లెక్కలు చెబుతూ పిల్లల పేపర్ల మీద ఇంటూ పెట్టినప్పుడల్లా ఎక్కడో ఇత్తడి పళ్ళెం మోగినట్టుంటుంది, ఫ్యాను గాలి కోసం చెయ్యెత్తిన పిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. దానికి ఆ మే నెలలో కాస్త చల్లగా ఉంటే చాలనిపించింది. నా పెళ్ళిరోజున నాన్న చెయ్యి పట్టుకుని, వరసవరసకీ ఆగుతూ, ఎంతసేపు నడిచామో నేను లెక్కపెట్టలేదు.