ఖర్చు లెక్కకు ఎత్తిన చేతులు

2022 ఎండాకాలంలో నన్ను అబుదాబిలోని ఒక ఫెడరల్ ఆఫీసుకు సూపర్‌వైజరుగా వేశారు. సూపర్‌వైజరంటే పెద్ద హోదా ఏం కాదు. తుడిచే ఆడవాళ్ళ మీద, టీలిచ్చే ఆడవాళ్ళ మీద అజమాయిషీ, అంతే. మాకు జీతాలిచ్చేది ఆ ఆఫీసు కాదు, మమ్మల్ని తెచ్చిన కాంట్రాక్టు కంపెనీ. మకాం ఊరి బయట మఫ్రఖ్‌లో, పనివాళ్ళ క్యాంపులో. నాకు సంతకం వరకే వచ్చు గానీ, ఆ అంతస్తులో ఏం పని జరుగుతుందో చూసీ చూసీ తెలిసింది.

అక్కడ కొత్త చట్టాలకు ఖర్చు అంచనా కట్టేవారు. చట్టం తేవాలంటే ముందు ముసాయిదా రాస్తారు. అది పైకి వెళ్ళేలోపు, ఖజానా మీద ఎంత బరువు పడుతుందో ఈ అంతస్తువాళ్ళు తేల్చాలి. ఎంతమందికి వర్తిస్తుంది, వాళ్ళలో ఎంతమంది నిజంగా వాడుకుంటారు, ఒక్కొక్కరికి ఎంతవుతుంది. అందులో రెండోదే కష్టం, సగం ఊహ. ఇదంతా నాకు చెప్పింది గౌస్ గారు. హైదరాబాదు మనిషి, అక్కడ అకౌంటెంటు.

ఆ ఏడాది ఒక ముసాయిదాలో మా ఊసు కూడా వచ్చింది. ఫెడరల్ భవనాల్లో కాంట్రాక్టు పనివాళ్ళకు ఇంట్లో దగ్గరివాళ్ళు పోతే సెలవూ, టికెట్టూ సర్కారే ఇవ్వాలని. అది విని మా టీగది కుమారికి ప్రాణం లేచొచ్చింది. రాజోలు దగ్గర వాళ్ళమ్మ క్యాన్సరుతో మంచాన ఉంది. కంపెనీ ఇచ్చే సెలవు రెండేళ్ళకొకసారే, దానికింకా చాలా గడువుంది.

ఒకరోజు గౌస్ గారు టీగదికి వచ్చి మమ్మల్నందరినీ పిలిపించారు.

"ఇట్లాంటి సెలవొస్తే వచ్చే ఏడాది మీల ఎందరు వాడుకుంటరు? చేతులెత్తుండ్రి."

అందరి చేతులూ లేచాయి. అందరికన్నా ముందు లేచింది మెట్లు తుడిచే మేరీ చెయ్యి. ఆమెకు అమ్మానాన్నా ఎప్పుడో పోయారు, పెళ్ళీ కాలేదు.

"నీకెవరున్నారే పోడానికి?" అన్నాను చెవిలో.

"కుమారి కోసం అక్కా. ఎన్ని చేతులుంటే అంత గట్టిగా ఉంటాది. నువ్వూ ఎత్తెహె."

నా భర్త పోయి అప్పటికి చాలా ఏళ్ళు. పిల్లల్లేరు. నేనూ ఎత్తాను. మా వైపు వీధి కొళాయి అడిగినా, రోడ్డు అడిగినా అంతే. ఒక్కరడిగితే ఎవరూ వినరు, వీధంతా లేవాలి.

వారం తిరక్కుండానే గౌస్ గారు మళ్ళీ వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. మా భవనాన్నే నమూనాగా పెట్టి, మిగతా ఫెడరల్ భవనాలన్నిటికీ అదే పాళ్ళలో ఖర్చు లెక్క కట్టారట.

"అందరు ఎత్తిండ్రు కదా అమ్మా, అట్లనే రాసిన. ఖర్చు బేహద్ వచ్చింది. ముదీర్ సాబ్, మా పెద్దాఫీసరు, ముసాయిదాల నుంచి ఆ ముక్క తీసెయ్యమన్నడు."

"ఎక్కువమందికి అవసరమైతే ఇంకా తొందరగా ఇవ్వాలి గదండీ!" అంది మేరీ.

"ఇక్కడ అవసరం చూడరు అక్కా. ఖర్చు చూస్తరు."

"అయితే మళ్ళీ అడగండి. దింపేత్తాం. కుమారొక్కతే ఎత్తుద్ది."

"కాగితం పైకి పోయింది. ఖలాస్."

కుమారి గ్లాసులు కడుగుతూనే ఉంది.

వాళ్ళమ్మ ఎక్కువకాలం బతకలేదు. కంపెనీని అడిగితే, వెళ్తే వెళ్ళు, తిరిగి రానక్కర్లేదన్నారు. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లల చదువు, ఆమె జీతమే ఆధారం. వెళ్ళలేదు. టీగదిలో పంచదార డబ్బాకు ఫోను ఆనించి తల్లికి కొరివి పెట్టడం చూసింది. చూస్తుండగానే మీటింగు హాలు నుంచి గంట మోగింది. ట్రే నేను పట్టుకెళ్తానన్నాను.

"వొద్దక్కా. కూకుంటే ఏడుపొచ్చేత్తాది," అని మొహం కడుక్కుని వెళ్ళింది.

ఆ తర్వాత నేను పనిలో ఉన్నన్నాళ్ళూ, ఎవరు వచ్చి మావాళ్ళను చేతులెత్తమన్నా, ముందు ఒక్కటే అడిగేదాన్ని: ఇది అవసరం తెలుసుకోడానికా, ఖర్చు కట్టడానికా? ఖర్చుకైతే అవసరం ఉన్నవాళ్ళే ఎత్తాలి. పక్కమనిషి మీద ఎంత ప్రేమున్నా, మిగతావాళ్ళు చేతులు కట్టుకుని నిలబడాలి.