ఆత్మారాం ఊదా పెన్సిలు

కాటా గుమాస్తా ఆత్మారాం నాలుక ఎప్పుడు చూసినా ఊదారంగులో ఉండేది. ఏదో రోగమనుకునేరు, అది నౌకరీ! ఎడపల్లి అవతల చక్కెర మిల్లు ముందు చెరకు తూచే కాటా దగ్గర ఆయన తూకం పర్చీలు రాసే పెన్సిలు అలాంటిది. నాలుకకు ఆనించి తడిచేసి రాస్తే అంకె ఊదాగా తేలుతుంది. ఇక రబ్బరు పెట్టి రుద్దినా, దేవుడు దిగొచ్చినా చెరగదు. మామూలు నల్ల పెన్సిలును ఆత్మారాం దొంగ పెన్సిలనేవాడు. ఇరవై రెండేళ్లలో తను రాసిన తూకం ఒక్కటీ మారలేదని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ కూడా చెప్పేవాడు.

ఇంట్లో మరాఠీ, బడిలో ఉర్దూ. తెలుగు వీధిలో చిన్నప్పటినుంచీ మాట్లాడిందే గానీ అక్షరం ముక్క రాదు. యాభై ఆరులో రాష్ట్రం మారింది, కాగితాలు కూడా మెల్లగా భాష మార్చాయి. పాపం, ఆయనకు పలకా బలపం ఇచ్చి నేర్పిన ప్రభువెవడూ లేడు. రైతులు తమ బండ్ల మీద పేర్లు రాయించుకునేవాళ్లు. రాజమల్లు బండి వస్తే దానిమీది పేరు చూసేవాడు, సాయన్న బండి వస్తే దానిమీదిది చూసేవాడు. మనుషులను ఎరుగును గనుక పేర్లు పట్టాడు, పేర్లలోంచి అక్షరాలు పట్టాడు. పదేళ్లయ్యేసరికి ఇటు రుద్రూర్ దాకా ఎవరింటికి కోర్టు కాగితం వచ్చినా, అల్లుడి జాబు వచ్చినా చదివిపెట్టేది ఆయనే.

డెబ్బై నాలుగులో పైనుంచి హుకుం దిగింది. రైతులతో పనిపడే గుమాస్తాలందరూ తెలుగు పరీక్ష పాసవ్వాలి. లేకపోతే కుర్చీ దిగి ఫాటక్ దగ్గర బండ్ల పర్చీలు చూసి వెదురు బొంగు ఎత్తుతూ దించుతూ కూర్చోవాలి. కాటా దాటిన బండి ఆ ఫాటక్ గుండానే మిల్లు లోపలికి పోతుంది. ఒకసారి లోపలికి పోయిందా, తూకం గురించి అడగడానికి రైతుకు నోరుండదు. పంతుళ్లు దిద్దితే మొహమాటాలుంటాయని ఈసారి హైదరాబాదులో కంప్యూటర్ అనే మిషను దిద్దుతుందట. ఎంత బుద్ధిమంతుల ఆలోచనో!

రెండెకరాల చెరకు వేసే ముసలి లింగవ్వకు సంగతి తెలిసింది.

"మిషనుకు తెలుగెవలు నేర్పిండ్రు కొడుకా? గది గూడ మా బండ్లు సూసే నేర్సిందా?"

"గది అడిగినోడే లేడు అవ్వ."

"నువ్వు కుర్సీల లేకుంటె మా పర్చీ ఎవలు సక్కగ రాస్తరు?"

ఆత్మారాంకు రాత్రుళ్లు నిద్ర పట్టనిది ఆ మాటకే. బొంగు ఎత్తడానికి సిగ్గేమీ లేదు. వేరేవాడి చేతిలో ఈ ముసలమ్మ తూకం ఏమవుతుందోనని భయం.

పరీక్ష నిజామాబాదులో. ఆయనతోపాటు గుమాస్తాగా చేరిన రామ్‌దాస్ కూడా వెళ్లాడు. మిల్లు పెద్దసారు మేనల్లుడు, నాందేడ్ నుంచి దిగి నాలుగు నెలలైంది. రా, పో, చాయ్ అనే మూడు మాటలతో తెలుగు పూర్తయిందనుకునే రకం. కాగితమంతా వరసలు వరసలుగా చిన్న చిన్న సున్నాలు. పైన సూచనలు ఇంగ్లీషులో! తెలుగు పరీక్షే గానీ, మిషను కొన్న కొట్లోనే కాగితం కూడా కొన్నారేమో. కాపలా సారు "సరైన జవాబు సున్నాను నిండుగా నింపండి" అని చెప్పి, అందరి ముందూ ఒక్కో నల్ల పెన్సిలు పెట్టి, వార్తాపత్రికలో తల దూర్చాడు.

ఆత్మారాం ఆ పెన్సిలును వేలితో పక్కకు నెట్టాడు. వంద జవాబులు దొంగ పెన్సిలుతో రాస్తాడా? ఎవడన్నా తుడిచి మార్చేస్తే? జేబులోంచి తన ఊదా పెన్సిలు తీసి, నాలుకకు ఆనించి, ఒక్కో ప్రశ్నా చదివి, ఒక్కో సున్నా నిండుగా నింపాడు. ఒక్క జవాబుకూ తడబడలేదు. రామ్‌దాస్ ప్రశ్నల జోలికే పోలేదు. మూడో వరసను పైనుంచి కిందికి నింపేసి, పది నిమిషాల్లో చాయ్ తాగడానికి పోయాడు.

నెలకు ఫలితాలొచ్చాయి. రామ్‌దాస్‌కు ముప్పై ఆరు, పాస్. ఆత్మారాంకు సున్నా. కింద కారణం కూడా దయచేశారు: ప్రతి ప్రశ్నకూ రెండేసి గుర్తులున్నాయట. ఆత్మారాం దాన్ని రెండుసార్లు చదివి, తన ఊదా బొటనవేలు చూసుకున్నాడు. పరీక్ష కాగితం పలచటిది. తడి ఆరేలోపు రంగు పక్క సున్నాలోకి పాకింది.

పెద్దసారు ముందు నిలబడ్డాడు. "సార్, ఏ కాగితమన్న ఇయ్యుండ్రి. మీ ముంగటనే సదువుత, రాస్త."

"నువ్వు చదువుతావని నాకు తెలుసయ్యా. మిషనుకు తెలియదు గదా! అది తప్పు చెప్పదు."

సోమవారం పొద్దున బండ్లన్నీ నిలబడి ఉండగా ఆర్డరు చదివి వినిపించాలన్నారు. కొత్త కాటా గుమాస్తా రామ్‌దాస్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి ఆత్మారాం చేతిలో పెట్టాడు. "భాయ్, జర..."

ఆత్మారాం గొంతు సవరించుకుని, బండ్ల చివరిదాకా వినబడేలా చదివాడు. "శ్రీ ఆత్మారాంకు తెలుగు చదువుట గాని, వ్రాయుట గాని రానందున, కాటా బాధ్యతల నుండి తొలగించడమైనది."

"ఏమన్నరు కొడుకా అండ్ల?" అంది లింగవ్వ.

"నాకు తెలుగు సదువ రాదంట అవ్వ."

"మరి గిప్పుడు సదివిందెవలు?"

ఆత్మారాంకు కళ్లలో నీళ్లు తిరిగాయి. 'చదివి అర్థం చేసుకున్నాను' అని కింద తెలుగులో రాసి సంతకం పెట్టడం రూలట. నాలుకకు పెన్సిలు ఆనించి రాసిచ్చాడు. దస్తూరీ బాగుందని పెద్దసారు మెచ్చుకున్నాడు కూడా. ఆ పెన్సిలును రామ్‌దాస్‌కు ఇవ్వబోతే, "ఛీ, నోట్లో పెట్టేదా!" అని అతను నల్లది తీశాడు.

ఆత్మారాం వెళ్లి ఫాటక్ దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి లింగవ్వ బండి వచ్చింది. రామ్‌దాస్ రాసిన పర్చీ ఆయన చేతికిచ్చింది. ఆయన తూకం మీద వేలు పెట్టి చూశాడు. అంకె కింద కాగితం గరుకు తేలి ఉంది. రబ్బరు పెట్టారు. కుర్రాడు తప్పు రాసి దిద్దుకున్నాడో, దిద్ది తప్పు రాశాడో ఆ దేవుడికే తెలియాలి.

వెనక పది బండ్లు ఆగాయి. "బొంగు ఎత్తవయ్యా!" అని పెద్దసారు అరిచాడు.

ఆత్మారాం బొంగు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. "ఎత్తను సార్. నాకు తెలుగు రాదని మీరే రాసిండ్రు గద, గీ పర్చీ నాకు సమజైతలేదు. బండి మల్ల కాటా ఎక్కాలె."