ఎర్రమ్మ రాసిన అసర్షన్

కరోనా తగ్గిన మరుసటి ఏడాది మా సాఫ్ట్‌వేర్ సంస్థ విజయనగరంలో చిన్న శాఖ తెరిచి, నన్ను అక్కడ టెస్ట్ లీడ్‌గా వేసింది. మాది దగ్గర్లోని రాజాం కనుక సంతోషంగానే వెళ్లాను. ప్రోగ్రాముల్లో లోపాలు వెతికే టెస్టర్ నా కింద ఒక్కరే, ఎర్రమ్మ. శ్రీకాకుళం తీరాన చేపల వేటకు వెళ్లే కుటుంబంలోని అమ్మాయి.

అప్పుడు మా చేతిలో ఉన్నది తుఫాను హెచ్చరికలను పడవలవాళ్ల ఫోన్లకు పంపే సాఫ్ట్‌వేర్. దాన్ని పరీక్షించేది మరో ప్రోగ్రాము: ఒక హెచ్చరిక ఇచ్చి, వెలువడిన సందేశాన్ని రావలసిన దానితో పోలుస్తుంది. ఆ పోల్చే వాక్యాన్నే అసర్షన్ అంటాం. సరిపోతే పచ్చ, లేకుంటే ఎరుపు.

మాకు ముందు ఈ పని చూసిన బృందం రాసిన పరీక్షలన్నీ పచ్చగానే ఉండేవి. అవి సందేశం ఖాళీగా లేదని మాత్రమే చూస్తున్నాయని ఎర్రమ్మ కనిపెట్టింది. ఇద్దరం ఒకే తెర ముందు కూర్చుని మళ్లీ రాయసాగాం. ప్రోగ్రామును ఒకసారి నడిపి, ఏం వస్తుందో చూసి రాద్దామని నేనంటే ఒప్పుకునేది కాదు.

"ఏటి రావాలో ముందు సెప్పక్కా. సూసేక సెప్తే, వచ్చిందే సరైందనిపిస్తాది."

అలా రాసిన వాటిలో ఒకటి ఎర్రబడింది. హెచ్చరికను మరునాటికి పొడిగిస్తే, సాఫ్ట్‌వేర్ ఆ పొడిగింపును వదిలేసి ఈ సాయంత్రం వరకే అన్న పాత సందేశాన్నే మళ్లీ పంపుతోంది. అంటే సాయంత్రానికి ప్రమాదం తప్పిందనుకుని పడవలు కదులుతాయి.

సాఫ్ట్‌వేర్ విడుదల మరునాడే. మేనేజరు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, ఆ అసర్షన్‌ను కాస్త సడలించమన్నారు, లోపం సంగతి తర్వాత చూసుకుందామన్నారు. ఎర్రమ్మకు చెప్పాను.

"సడలిస్తే పచ్చగానే వస్తాదక్కా," అంది. "మా నాన్న ఫోనుకి మాత్రం పాత మాటే వస్తాది."

పరీక్ష ఎర్రగా ఉండగా అనుమతి ఇవ్వలేనని మేనేజరుకు చెప్పేశాను. ఆయన నొచ్చుకున్నారు. విడుదల ఆగింది. డెవలపర్లు లోపం సరిచేశాక అదే అసర్షన్, అక్షరం మార్చకుండానే, పచ్చబడింది. ఆ వానాకాలంలో నిజంగానే ఒక హెచ్చరికను పొడిగించారు. వాళ్ల ఊరి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయని ఎర్రమ్మ చెప్పి, మళ్లీ పనిలో పడింది.

తర్వాత శాఖ మూసేశారు. ఆమె బెంగళూరు వెళ్లింది, నేను పదవీ విరమణ చేశాను. హోదా పోయినందుకు నాకు బెంగ లేదు. ఒక్క వాక్యం కోసం మధ్యాహ్నమంతా వాదించడానికి పక్క కుర్చీలో ఆమె లేదన్నదే వెలితి. ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉంటాం. క్షేమసమాచారాలు అయ్యాక, కలిసి చేసే పని లేక, ఫోన్ పెట్టేస్తాం.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇది. రావలసినదేమిటో ప్రోగ్రాము ఇచ్చిన జవాబును చూసి రాయకూడదు. దాన్ని వాడే మనిషికి ఏం కావాలో తెలుసుకుని, నడపకముందే రాయాలి. అలా రాయని పరీక్ష ప్రోగ్రాము మారలేదని చెబుతుందే తప్ప, సరిగ్గా ఉందని చెప్పదు.