అత్త గోడకు మూడు మేకులు

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున మా మేనత్త పోయింది. ఆ సమయానికి నేను ఊరి బయట హజీరాలో, మా ప్లాంటు మీటింగు గదిలో ఉన్నాను. ప్లాంటు ఆపి చేయాల్సిన మరమ్మతుల్లో ఏది ముందు, ఏది వెనక అని రంగురంగుల గీతలు చూపిస్తున్నాను. నా ఉద్యోగమే అది, పనులకు వరస పెట్టడం. ఫోను మూడుసార్లు వణికింది, మూడుసార్లూ బోర్లా పెట్టాను. నాలుగోసారి ఎత్తితే మరమగ్గాల బస్తీ భేస్తాన్‌లో అత్త పక్కగదిలో ఉండే వదిన. "అత్త లేదే. చాయ్ తాగి గోడకు ఒరిగింది, గంతే," అంది.

ఇంకో రెండు పేజీలు మిగిలున్నాయి. అవి కూడా చూపించేసి అప్పుడు లేచాను. ఎందుకలా చేశానో నన్నడక్కండి. అలవాటు.

ఇది అలసిపోయి రాస్తున్న రాత. పెద్దపెద్ద మాటలు నా దగ్గర లేవు, ఉన్నా అత్తకు నచ్చేవి కావు. ఎవరైనా తనను పొగిడితే "పనుంటే చెప్పు, లేకుంటే చాయ్ తాగు" అనేది.

మామ బతుకుదెరువుకు ఇక్కడికొచ్చి, మరమగ్గాల మీద పనిచేసి, చెవులు పాడుచేసుకుని, యాభై దాటకుండానే పోయాడు. పిల్లల్లేరు. అత్త తిరిగి ఊరికి పోలేదు. రింగ్ రోడ్ మార్కెట్ నుంచి ఆటోలో చీరల మూటలు వచ్చేవి, వాటికి రాళ్లు అతికించి తిరిగి పంపేది. మైనం అంటించిన పుల్లతో ఒక్కో రాయి ఎత్తడం, గమ్ము చుక్క మీద పెట్టడం, వేలితో ఒత్తడం. ముగ్గురు నలుగురు సేట్ల మూటలు ఒకేసారి వచ్చి పడేవి. ఏ మూట ఎవరిది, ఏ రంగుకు ఏ రాయి, ఏది ఎప్పటికి కావాలి అనేదంతా తలకాయలో పెట్టుకోవాలి. అత్తకు చదువు రాదు. తలకాయలో పెట్టుకోవడం మీద కూడా నమ్మకం లేదు. అందుకని గోడకు మూడు మేకులు కొట్టుకుంది.

మూట రాగానే అందులో ఒక చీర కొస నుంచి వేలెడంత గుడ్డముక్క కత్తిరించేది. దానికి ఆ చీరకు వేయాల్సిన రాయిని ఒకదాన్ని అతికించేది. ఆ ముక్క మొదటి మేకుకు వెళ్లేది, అంటే పని వచ్చింది, ఇంకా ముట్టుకోలేదు. చేస్తున్న పని ముక్క నడిమి మేకుకు. అయిపోయి, సేటు మనిషి కోసం ఎదురుచూస్తున్నవి మూడో మేకుకు. ఇంటిపనులు కూడా అంతే. గ్యాసుకైతే ఎర్ర రబ్బరు ముక్క, రేషనుకైతే పాత సంచి చెవి. ఆ గోడ చూస్తే చాలు, అత్త బతుకులో ఆ రోజు ఏం నడుస్తోందో తెలిసిపోయేది.

నడిమి మేకుకు ఎప్పుడూ ఒక్కటే ముక్క. అది చట్టం. సేటు మనిషి వచ్చి అర్జంట్ అర్జంట్ అని ఎంత మొత్తుకున్నా, నడిమి మేకు ఖాళీ లేదు భాయ్ అని హిందీలో చెప్పి చాయ్ పోసేది. చిన్నప్పుడు స్కూలు నుంచి వచ్చి, అమ్మ పని నుంచి వచ్చేదాకా అత్త గదిలోనే ఉండేదాన్ని. లెక్కలు సగం, సైన్సు సగం చేసి అన్నీ నేల మీద పరిచి కూర్చుంటే, ఒకరోజు అత్త పుల్ల పక్కన పెట్టి నా వైపు చూసింది.

"ఒక్క చేతిల రెండు సూదులు పట్టుకుంటే రెండూ ఏలుకే గుచ్చుకుంటయ్ బిడ్డా. ఒకటి కింద వెట్టు."

పెట్టాను. ఆ తర్వాత ఎన్ని సూదులు పట్టుకున్నానో, వేళ్లకే తెలుసు.

మూట వెళ్లిపోయాక ఆ గుడ్డముక్క రాయి గోకేసి దిండు గలీబులో వేసేది. అత్త దిండు మొత్తం అయిపోయిన పనులే. "అయిపోయిన పనుల మీద తలవెట్టి పండుకుంటే నిద్ర మంచిగొస్తది" అనేది. వస్తుందనే నమ్ముతాను. ఆమె పడుకుంటే పక్కన మగ్గాలు ఆడుతున్నా లేచేది కాదు.

మరి ఎదుటివాళ్లు చేసిపెడతామన్న పనుల సంగతేంటని ఒకసారి అడిగాను. అప్పటికి ఇంజినీరింగ్ చదువుతున్నాను, ప్రతిదాంట్లో తప్పులు పట్టే వయసు. వాటికి వేరే జాగా ఉందంది. ఎక్కడని గోడంతా వెతికాను. చూపించలేదు.

"ఎదుటోళ్ల మీదున్న పనిని నలుగురికి కనవడేటట్టు ఏలాడగట్టొద్దు. పాపం, సిగ్గువడ్తరు," అంది.

నాకు ఉద్యోగం వచ్చాక నా పనులకూ ఒక పద్ధతి కావాలనిపించింది. డైరీలు కొన్నాను. ఫోనులో ఒక యాప్, అది నచ్చక ఇంకోటి, అది కూడా నచ్చక డబ్బులు కట్టి మూడోది. ఎర్ర జెండాలు, పసుపు జెండాలు, ఆఫీసుకొకటి, ఇంటికొకటి, "ఎప్పుడైనా" అని ఒకటి. పద్ధతి పెట్టుకోవడానికి పట్టిన టైములో సగం పనులు అయిపోయేవి. ఒకసారి కంపెనీలో కోటు వేసుకున్నాయన వచ్చి రెండు రోజులు పాఠం చెప్పాడు. బోర్డు మీద మూడు గళ్లు గీశాడు: చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. చేస్తున్న గడిలో ఎక్కువ పెట్టకండి అన్నాడు. నేను నోరు తెరుచుకుని చూశాను, మా అత్త గోడ! ఆ ఆదివారమే పరిగెత్తుకెళ్లి చెప్పాను. అత్త అంతా విని, రెండు రోజులూ అన్నం మంచిగ పెట్టిన్రా లేదా అని అడిగింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. అత్తకు ఒక స్మార్ట్‌ఫోను కొనిపెట్టి, ఆమె గోడనంతా అందులోకి ఎక్కించాను. గుడ్డముక్కలన్నిటికీ ఫోటోలు తీశాను, మూడు గళ్లలో పెట్టాను, వేలితో ఇటు జరుపు, అటు జరుపు అని నేర్పాను. ఇక ఈ చెత్త ఎందుకని ముక్కలన్నీ నా చేత్తోనే దిండులో పడేశాను. పెద్ద ఇంజినీరమ్మను కదా. ఆ వారం రెండు మూటలున్నాయి. ఒకటి రాణీ రంగు, అంటే ముదురు గులాబీ, దానికి వెండిరాళ్లు. ఇంకోటి క్యారెట్ ఎరుపు, ఇక్కడ గాజరీ అంటారు, దానికి బంగారురాళ్లు. ట్యూబులైటు కింద నేను తీసిన ఫోటోల్లో రెండు గుడ్డలూ ఒకటే రంగు, రెండు రాళ్లూ ఒకటే తెల్లటి మెరుపు. అత్త నన్ను నమ్మింది. ఆరు రాణీ చీరలకు బంగారురాళ్లు అతికించింది.

నాలుగు రోజులు సూదితో ఒక్కో రాయి ఊడబెరికింది. నేనొచ్చి సాయం చేస్తానన్నాను. ప్లాంటులో పని పడి వెళ్లలేదు. తర్వాత వెళ్లి తలదించుకుని కూర్చుంటే, ఫోను తప్పేం కాదని, గుడ్డను చేత్తో పట్టుకోకుండా చేసుడు తన తప్పని అంది. ఫోను మాత్రం డబ్బాలో పెట్టి నాకే తిరిగిచ్చింది. దాని బదులు నా మెడలో ఉన్న కంపెనీ కార్డు నీలిపట్టీ అడిగింది. కొత్తది ఇస్తారు కదా, పాతది ఇయ్యి, నీ పేరు మీద ఒక గుడ్డముక్క లేదు నా దగ్గర అంది. ఇచ్చేసి, ఎందుకో కూడా అడక్కుండా బస్సుకు టైమైందని లేచాను.

పెళ్లయి ఊరికి అటు చివర అడాజణ్‌కు మారాక నేను వెళ్లే తీరు అదే. ఆదివారం పది నిమిషాలు, గడప దగ్గర, చెప్పులు సగం విప్పి. భేస్తాన్‌లో పగటిపూట తలుపులు ఎవరూ వేసుకోరు. తెరిచిన తలుపుకు ఆనుకుని కూర్చునేదాన్ని, ఫోను చేతిలో.

హోళీ ముందు ఒకసారి, రాయి పుల్లకు అంటుతుంది గాని చీర మీద చుక్క కనిపిస్తలేదని అంది. జర కళ్ల దవాఖానకు తీసుకపోతవా అని అడిగింది. ఒక్కసారే అడిగింది. ఈ ఆదివారమే అత్తా అన్నాను. వెంటనే ఆమె ముందే ఫోను తీసి రాశాను కూడా: అత్త, కళ్లు. ఎర్ర జెండా పెట్టాను. ఆ ఆదివారం కుదరలేదు. వచ్చే ఆదివారానికి జరిపాను. జరపడం ఎంత సులువో మీకూ తెలిసే ఉంటుంది, బొటనవేలితో అలా తోస్తే చాలు. వర్షాలు వచ్చాయి, పోయాయి. నవరాత్రులు అయిపోయాయి. అది జరుగుతూనే ఉంది. అత్త మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మరిచిపోయిందేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే, మరిచిపోతే బాగుండనుకున్నాను. అత్త గుండె ఆగి పోయింది, దానికీ కళ్లకూ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. నాకూ తెలుసు. కానీ చివరి ఏడెనిమిది నెలలు ఆమె ఆ రాళ్లు తడుముకుంటూ అతికించింది. ఆ సంగతి నాకు పక్కగది వదిన చెప్పింది, నేను చూడలేదు.

దినాలయ్యాక గది ఖాళీ చేయడానికి వెళ్లాను. నడిమి మేకుకు ఆకుపచ్చ ముక్క ఒకటుంది. ఆ చీర సగమే అయింది, మిగతాది వదిన పూర్తిచేసి పంపింది. మొదటి మేకుకు ఏమీ లేదు. మూడో మేకుకూ లేదు. గిన్నెలు సర్దాను, బట్టలు మూటగట్టాను. వచ్చేపోయేవాళ్లు పలకరిస్తుంటే ఏడవలేక, ఒక్క ఐదు నిమిషాలు ఎవరూ చూడొద్దని తలుపు వేశాను. ఇన్నేళ్లలో ఆ గదిలో నేను తలుపు వేయడం అదే మొదలు.

తలుపు వెనక నాలుగో మేకుంది.

దానికి ఒకే ఒక్క ముక్క వేలాడుతోంది. వేలెడంత నీలిపట్టీ. చివర దారం పోకుండా కుట్టు వేసి ఉంది, వంకరటింకర కుట్టు, కనిపించని కళ్లతో వేసింది. ప్రతి ఆదివారం నేను వీపు ఆనించి కూర్చున్నది ఆ తలుపుకే. నేను సిగ్గుపడకుండా, నాకు కనిపించకుండా, అది నా వెనకే ఉంది.

దిండు ఇంటికి తెచ్చుకున్నాను. పట్టీని అందులో వేసేద్దామని గలీబు మూతి విప్పాను కూడా. చేయి రాలేదు. అందులో అన్నీ అయిపోయిన పనులు. ఇది ఎందులోనూ పట్టదు. ఫోనులోంచి "అత్త, కళ్లు" కూడా తీసేయలేదు. ఆదివారం వస్తే అది గుర్తుచేస్తుంది, నేను జరపను, అలాగే ఉంచుతాను.

మా అద్దె ఇంటి తలుపు వెనక మేకు కొడితే ఓనరు ఊరుకోడని మా ఆయన అన్నాడు. కొట్టాను. ఎవరైనా వస్తే తలుపు తెరిచి ఉంటుంది కాబట్టి ఏమీ కనబడదు. వాళ్లు వెళ్లిపోయాక తలుపు వేస్తాను. నీలిపట్టీ కాసేపు ఊగి ఆగుతుంది.