ఆ కొండ నెత్తి మీద నా కోడలి పేరు వద్దు

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు పోలీసులు, ఈ పరాయి దేశంలో మేముండే పాపకూరలో మా ఇంటి గుమ్మం ముందు నిలబడ్డారు. నాకు ఇంగ్లీషు రాదు. కానీ పెద్దాయన టోపీ తీసి చేతిలో పట్టుకోగానే నా కోడలు ఇక లేదని తెలిసిపోయింది. వాళ్లు నా కొడుకుతో మాట్లాడుతుంటే నేను వంటింట్లోకి పోయి పొయ్యి మీది అంబలి దించాను. శనివారం సాయంత్రం నుంచి దాన్ని వేడి చేస్తూనే ఉన్నాను, వస్తే తాగుతుందని.

కొండ దిగుతుంటే మబ్బు కమ్మింది, గాలి లేచింది, వదులు రాళ్ల మీద కాలు జారింది. మర్నాడు పొద్దున వెతికేవాళ్లకు కనబడింది. నాకు చెప్పింది ఇంతే.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే, నా కోడలితో కలిసి పరుగెత్తే అమ్మాయి హాబ్సన్‌విల్ నుంచి వచ్చి రాస్తోంది. సంతాప సభలో ఆమె పరుగు జట్టువాళ్లు మీరంతా మంచి మాటలే అన్నారు. అందుకు దండం. కానీ నాకు మీతో ఒక తగవు ఉంది. వచ్చే శనివారం మీరు ఆమె బూడిద కొండ కొస మీదికి మోసుకుపోయి, పేరు చెక్కిన రేకు ఒకటి అక్కడి రాయికి బిగిస్తామంటున్నారు. బతికుండగా అందుకోలేని శిఖరం ఇప్పుడు అందుకుంది అని దాని మీద రాయించారట. నా కొడుకు సరే అన్నాడు. నేను వద్దంటున్నాను. ఆ రేకు చేయించింది ఇప్పుడు రాస్తున్న ఈ అమ్మాయే. రాయి తల్లీ, అది కూడా రాయి.

నా కోడలు ముసలివాళ్లను చూసుకునే హోంలో పని చేసేది. వాళ్లను లేపడం, కడగడం, తినిపించడం. ఇంటికి వచ్చేసరికి నడుము విరిగిపోయేది. ఒకరోజు పొయ్యి మీద టీ పెట్టాక పాలు లేవని చూసి, వీధి మూల మీది చిల్లర కొట్టుకి, ఇక్కడ డైరీ అంటారు దాన్ని, పరుగెత్తి, టీ పొంగేలోపు పాలతో వచ్చేసింది. ముఖం ఎర్రగా ఉంది, నవ్వుతోంది. ఆ నవ్వు నేను పెళ్లినాడు చూశాను, మళ్లీ ఆ రోజు చూశాను. తర్వాత పాలు ఉన్నా పరుగెత్తేది.

నేను ఊరుకున్నానా? లేదు. ఒంటికి అంటుకునే ఆ బట్టలు చూస్తే నాకు ఒళ్లు మండేది.

"ఎవరు తరుముతున్నరే నిన్ను?" అన్నాను.

"ఎవరు తరమకుంట ఉరికితేనే బాగుంటదత్తమ్మా. నువ్వు గూడ రా."

"నేనొస్తే నిన్ను తరమనీకే వస్త."

"గట్లనన్న రా."

అట్లా, కొండ మీద పరుగెత్తడానికి పోతూ నన్ను కారెక్కించింది. నాలుగు గంటల దారి. ఎడారి రోడ్డు అంటారు దాన్ని. చెట్టు లేదు, చేను లేదు. నల్లటి గులకమట్టి, గడ్డి పోచలు, గాలి. ఎదురుగా కొండ. మా పాలమూరు దిక్కు ఎండాకాలం బీళ్లు చూసినదాన్ని, నాకు బెరుకు అనిపించలేదు. ఆమె చిన్న సంచీ వీపుకు కట్టుకుని, మెత్తటి సీసాల్లో నేను చేసిన జొన్న అంబలి పోసుకుని, ఆ నల్లమట్టి మీద అడుగులు వేసుకుంటూ చీమంత అయ్యేవరకు చూసేదాన్ని. మిగతావాళ్లు పొట్లాల్లో జిగురేదో తాగేవారు. తనకు అంబలే. కొండ మీద చూడవలసింది కొస కాదత్తమ్మా, కాలి కిందిది అనేది. ఆమె దిగి వచ్చేవరకు నేను కార్లో కూర్చుని చింతపండు వొలిచేదాన్ని.

మొదటిసారి వచ్చాక అడిగాను, పైదాకా పోయావా అని. లేదంది. రెండోసారీ లేదంది. నాకు కోపం వచ్చింది.

"ఇంత దూరమొచ్చి కొస తొక్కకుంట దిగొస్తవా? పెండ్లికి పోయి అక్షింతలు ఎయ్యకుంట తిరిగొచ్చినట్టు!"

అప్పుడు చెప్పింది. హోంలో ఒక మావోరీ ముసలమ్మ ఉందట. ఆ కొండ దిక్కు మనిషే. నా కోడలు ఆమెకు తల దువ్వుతూ తాను కొండ ఎక్కుతున్న సంగతి చెబితే, ఆ ముసలమ్మ దువ్వెన ఆపించిందట. ఆ కొండ మాకు తాత, నువ్వు రా, పో, ఆయన భుజాల మీద ఆడుకో, తల మాత్రం తొక్కకు అందట.

"మనింట్ల పుస్తకానికి కాలు తగిలితేనే కండ్లకద్దుకుంటం గద అత్తమ్మా. వాళ్ల తాత నెత్తి మీద నిలబడి ఫొటో దిగుతమా?"

కొసకు కొంచెం కింద నడిమికి పగిలిన పెద్ద బండ ఉందట. అక్కడ ఆగి, బండను తాకి, కళ్లకు అద్దుకుని వెనక్కి తిరిగేది. ఈ ముచ్చట ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే గొప్పకు పోయినట్టు ఉంటుందని సిగ్గు.

ఇక నా తప్పు చెబుతాను. పోయిన నెల మా ఇంటికి మీలో కొందరు భోజనానికి వచ్చారు. పరుగుల మాట వచ్చింది. ఆ రోజు పప్పులో ఉప్పు ఎక్కువైందని ఆమె అన్న మాట నా కడుపులో ఉంది. అందరి ముందు అన్నాను, "మా కోడలిది ఉరుకుడే గని అందుకునుడు లేదు" అని. మీరు నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కానీ వడ్డిస్తున్న గరిటె ఆగింది. నాకు అన్నీ తెలిసి అన్నాను. తరువాతి శనివారం ఆమె కొండకు ఒక్కతే పోయింది. నన్ను రమ్మనలేదు. నేను అడగలేదు.

పోలీసులు వచ్చిపోయాక మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు. నా మాట వీపున కట్టుకుని ఆ నెత్తి మీదికి ఎక్కిందా? నా నోరు మూయించడానికి అక్కడ నిలబడిందా? గోడకు తల బాదుకున్నాను. ఎవరిని అడగను? కొండను అడగనా?

దహనం అయిన మర్నాడు నా కొడుకు ఫోన్ తెచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె చేతి గడియారం పోయిన దారినంతా గీత గీసి పెట్టుకుంటుందట.

"చూడమ్మా. ఈ ఎర్ర గీత ఆమె పోయిన తొవ్వ. ఇదిగో కొస. గింత దూరంల ఆగిపోయింది. పాపం, అందలేదు."

"ముందు పోయినయి గూడ ఉంటయారా అండ్ల?"

"ఉంటయి."

"చూపెట్టు."

ఒకటి తర్వాత ఒకటి చూపించాడు. అక్షరం రాకపోయినా నాకు గీత తెలుసు. అరవై ఏళ్లు ముగ్గు వేసిన చేయి ఇది. అన్ని గీతలూ ఒకే చోట వెనక్కి తిరిగాయి. కడపటిది కూడా అక్కడే తిరిగింది. తిరిగి, కొంత దూరం కిందికి వచ్చి, ఆ తర్వాత ఆగింది.

"అలిసిపోయిన మనిషి వచ్చినప్పుడల్ల ఒక్క బండ కాడనే అలిసిపోతదారా?" అన్నాను. ముసలమ్మ సంగతి అప్పుడు చెప్పాను. వాడు ఫోన్‌లో ఆ గీతలన్నీ మళ్లీ మొదటి నుంచి జరిపి చూశాడు.

"నాకెప్పుడు చెప్పలే," అన్నాడు.

"నువ్వెప్పుడు అడగలే."

"అందరికి మాటిచ్చిన గదమ్మా. రేకు గూడ తయారైంది. ఇప్పుడు ఎట్ల వద్దంట?"

"నోటితోని."

వాడు లేచి బయటకు పోయాడు. ఇప్పటికీ అనలేదు. అందుకే మీకు ఇది రాయిస్తున్నాను.

ఆ రోజు ఒంటరిగా పోవడమే నా మాట వల్లనేమో. అది నాకు ఎవరూ చెప్పలేరు, నేను కట్టె అయ్యేదాకా అది నాతోనే ఉంటుంది. కానీ నేను అన్న మాట విని కూడా ఆమె ఆ బండ దగ్గర తిరిగింది. అత్త ఎత్తిపొడిచినా, మీరు నవ్వినా, చూసే కన్ను ఒక్కటి లేకపోయినా తిరిగింది. మీరు ఇప్పుడు ఆమె బూడిదను ఆ తల మీద పెడితే నా ఎత్తిపొడుపే గెలుస్తుంది. బతికుండగా ఆమె చేయని తప్పును చచ్చాక ఆమె చేత చేయిస్తారా? కాళ్లు పట్టుకుంటాను, చేయించకండి. బూడిద పెట్టె నా మంచం మీద ఉంది. నేను ఒళ్లో పెట్టుకుని మా దిక్కు కృష్ణా నదికి తీసుకుపోతాను. కాదని ఎవరైనా లాక్కోవాలంటే ఈ ముసలి చేతులు విరిచి లాక్కోండి.

ఇంకొక్క మాట. పోలీసులు ఒక సంచీలో ఆమె బూట్లు ఇచ్చారు. కొండ దిగి వచ్చాక కారు తలుపు తెరిచి కూర్చుని, బూట్లు విప్పి, ఒకదానితో ఒకటి తట్టి, లోపలి నల్లమట్టి అంతా అక్కడే దులిపేది. తాత మట్టి తాత దగ్గరే ఉండాలని ఒక్క రవ్వ ఇంటికి తేనిచ్చేది కాదు. ఈసారి దులపడానికి దిగి రాలేదు కదా, మట్టి అట్లాగే ఉంది. నేను కడగనివ్వలేదు. ఇందాక ఆ బూట్లు తెచ్చి రాస్తున్న అమ్మాయి ముందు పెట్టాను. కలం పక్కన పెట్టి, ఒక బూటు రెండు చేతులతో ఎత్తింది. బోర్లించలేదు. కొంచెం పక్కకు వంచింది, లోపల మట్టి కదిలింది. ఆ చప్పుడు మా ఇద్దరికీ వినబడింది.