ఊపిరి నేర్పిన మా మైకు మామ

నిన్న పొద్దున పది గంటలకి బెంగళూరు స్టూడియోలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటున్నాను. అత్త ఫోన్.

"మామ పోయినాడమ్మా" అంది. అంతే.

"ఏ మామ?" అని అడిగాను. నాకున్నది ఒక్క మేనమామ. అయినా అడిగాను. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మైకు మునెప్ప అంటే ఆండర్సన్‌పేటలో తెలియనివాళ్లు తక్కువ. మా అమ్మ తమ్ముడు. అక్కడి చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో రాయి తొలిచే డ్రిల్లర్‌గా చేశాడు. గని మూతపడ్డాక ఒక ఆటో, దానిమీద ఒక మైకు. చావు కబురు, కరెంట్ కట్, తప్పిపోయిన మేక, బట్టల షాపు ఆఫర్, ఏదైనా సరే తెలుగు, తమిళం, కన్నడ మూడింట్లోనూ చెప్పుకుంటూ వీధులన్నీ తిరిగేవాడు.

ఈరోజు నేను డబ్బింగ్ ఆర్టిస్ట్‌ని అని చెప్పుకుంటున్నానంటే ఆ ఆటో వల్లే. తర్వాత వర్క్‌షాప్‌లకి వెళ్లాను, వీడియోలు చూశాను, మంచి మైకు కూడా కొన్నాను. ఊపిరి మాత్రం మామ దగ్గరే నేర్చుకున్నాను.

చదవాల్సిన కాగితం మీద మామ పెన్సిల్‌తో అడ్డగీతలు పెట్టుకునేవాడు. గీత ఉన్నచోటే ఊపిరి తీయాలి.

"నడమన తీసినావంటే మాట సచ్చిపోతుంది పాపా" అనేవాడు.

నా కాలేజీ రోజుల్లో ఆదివారం వస్తే చాంపియన్ రీఫ్స్ దగ్గర ఎత్తు రోడ్డుకి తీసుకెళ్లేవాడు. చేతిలో న్యూస్‌పేపర్ పెట్టి, గట్టిగా చదువుతూ పైకి నడవమనేవాడు. తను కింద ఆటోలో కూర్చునేవాడు.

నువ్వూ రా మామా అంటే, "నాకు మోకాళ్లు నొప్పమ్మా. నువ్వు పో. ఈడ దాకా వినబడాల" అనేవాడు.

నేను రొప్పుతూ, పేపర్‌ని తిట్టుకుంటూ, మామని కూడా తిట్టుకుంటూ ఎక్కేదాన్ని. దిగి వచ్చాక నేను ఏ లైన్‌లో దొంగ ఊపిరి తీశానో పేపర్ మీద వేలు పెట్టి చూపించేవాడు. ఒక్కసారి కూడా పొరపడలేదు.

ఏళ్లు గడిచేకొద్దీ ఆయన కాగితాల మీద గీతలు ఎక్కువయ్యాయి. మొదట్లో లైన్‌కి ఒకటి. తర్వాత రెండు, మూడు. చివరికి మాటకీ మాటకీ మధ్య.

అప్పుడు మైకు ఆపేశాడు. గని దుమ్ము ఊపిరితిత్తుల నిండా ఉందని డాక్టర్ చెబితేగానీ మాకెవరికీ తెలియలేదు.

ఇక్కడినుంచి రాయడం కష్టంగా ఉంది. రాయకపోతే ఈ పోస్ట్ అంతా అబద్ధం.

పోయిన ఏడాది నాకు ఒక డబ్బింగ్ సీరియల్‌లో నాయనమ్మ పాత్ర వచ్చింది. ఆవిడకి ఊపిరాడని జబ్బు. ఎంత ప్రాక్టీస్ చేసినా నాది జలుబు చేసినట్టు ఉంది తప్ప జబ్బులా లేదు.

ఆ వారమే మామని చూడ్డానికి వెళ్లాను. స్నానం చేసి వచ్చి వెనక గదిలో మంచం మీద కూర్చున్నాడు. ఎవరూ లేరనుకున్నాడు. చేతులు మోకాళ్ల మీద ఆనించి, నోరు తెరిచి, ఊపిరి కోసం నానా అవస్థ పడుతున్నాడు.

నేను తలుపు పక్కన నిలబడి ఫోన్‌లో రికార్డ్ చేశాను. నాలుగు నిమిషాలు.

లోపలికి వెళ్లి వీపు నిమరలేదు. మంచినీళ్లు ఇవ్వలేదు. రికార్డ్ చేశాను.

వారం రోజులు అదే వింటూ ప్రాక్టీస్ చేశాను. స్టూడియోలో డైరెక్టర్ చప్పట్లు కొట్టి, ఇది ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగారు.

"అబ్జర్వేషన్ సార్" అన్నాను.

ఆ వాయిస్ మా అమ్మాయిదే అని అమ్మ చుట్టాలందరికీ చెప్పేసింది. మామ కూడా చూస్తున్నాడని తెలిసింది. అప్పటినుంచి నేను ఆండర్సన్‌పేట వెళ్లలేదు. ఎప్పుడు రమ్మన్నా రికార్డింగ్ ఉందన్నాను.

ఫోన్‌లో ఆయన అడిగేవి రెండే మాటలు. "బాగుండావా? నీళ్లు తాగతా ఉండావా?" సీరియల్ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

ఆయనకి తెలిసిపోయిందా, లేదా? ఏడాదిగా ఈ ఒక్క విషయమే నన్ను లోపల తినేస్తోంది.

నిన్న సాయంత్రం ఆండర్సన్‌పేటలో అంతా అయిపోయాక అత్త పక్కన కూర్చున్నాను. ఉండబట్టలేక ఆ రికార్డింగ్ సంగతి చెప్పి, అడిగేశాను.

"మొదటి దినమే కనిపెట్టేసినాడమ్మా" అంది అత్త. "ఇది నా ఊపిరే గదా అన్నాడు. టీవీ ఆపెయ్యమన్నాడు. ఆ పొద్దు అన్నం తిన్లేదు. మర్నాడు మళ్లా ఆయనే పెట్టమన్నాడు. ఇంగ ఒక్క దినం తప్పలేదు."

అత్త ఇంకా చెప్పింది.

"పాప బాగా చేసిండాది, ఒక్కటే తప్పు అన్నాడు. ఊపిరాడనోడు నలుగురి ముందర అట్ల రొప్పడంట. దాస్తాడంట. ఫోన్ చేసి చెప్పరాదా అంటే, వొద్దులే, వొచ్చినప్పుడు చెప్తా అన్నాడు."

నేను వెళ్లలేదు.

మోకాళ్ల నొప్పి అని చెప్పి ఆటోలో కూర్చున్న మనిషి. ఇన్నేళ్లూ నేను ఆ మోకాళ్లనే నమ్మాను.

ఆ నాలుగు నిమిషాలు ఇంకా నా ఫోన్‌లోనే ఉన్నాయి. డిలీట్ చేద్దామని పొద్దుట్నుంచి రెండుసార్లు తీశాను. చేయలేకపోయాను. ఊరంతా విన్న గొంతు, ఒక్క అనౌన్స్‌మెంట్ కూడా ఎవరూ దాచుకోలేదు. నా దగ్గర మిగిలింది ఇదొక్కటే. ఇందులో ఒక్క మాట కూడా లేదు.

సోమవారం ఆ నాయనమ్మ చనిపోయే సీన్ డబ్బింగ్. మంచం పక్కన మనవరాలు కూర్చుని ఉంటుంది. కాగితం మీద పెన్సిల్ గీతలు పెట్టుకున్నాను. ఈసారి ఆ పిల్ల ముందు ఆవిడ దాస్తుంది.

మామా, తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించావు. ఎప్పటిలాగే పొరపడలేదు.

ఇంక నువ్వు ఎవరి ముందూ దాచుకోనక్కర్లేదు.

నింపాదిగా ఊపిరి తీసుకో మామా. హాయిగా పడుకో.