పూతకు ముందు బెట్ట

షుగర్ ఉందని రోజూ నడిచేవాణ్ణి. నడిస్తే ఆక్సిడేటివ్ స్ట్రెస్ పెరిగి కణాలు తుప్పుపడతాయని ఫోన్‌లో ఎవరో చెబితే హడలిపోయి మానేశాను. నా బూట్లు బావమరిదికి ఇచ్చేద్దామని సంచిలో వేసుకుని రెడ్డిగూడెం బస్సెక్కాను.

పక్కన కూర్చున్నావిడ మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతారట. మామిడి రైతునని చెప్పుకుని, నా భయమూ చెప్పాను.

"పూతకు ముందు తోటకి నీళ్లెందుకు ఆపుతారండీ?" అన్నారు.

"కాస్త బెట్ట తగిలితేనే కదండీ పూతొచ్చేది!"

"ఒళ్లూ అంతేనండీ. నడకతో కాస్త బెట్ట తగులుతుంది. రోజూ నడిస్తే దాన్ని తట్టుకునే యాంటీఆక్సిడెంట్లని ఒళ్లే పెంచుకుంటుంది. శక్తికి మించి చెయ్యకండి, చాలు."

నెత్తిమీద గంప దించినట్టయింది. ఊరికి ముందు స్టాపులోనే దిగి నడిచాను.

బావమరిది ఆశగా సంచి తెరిచాడు. లోపల నా చెప్పులున్నాయి.